పొయ్యి లెక్క తేలాలె

లెక్కల సంగతి తెలంగాణోళ్లకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. మన కొలువుల్లో ఎంతమంది స్థానికేతరులు కూసున్నరో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. నీళ్ల లెక్క, నిధుల లెక్క, నియామకాల లెక్క - మన ఉద్యమమంతా లెక్క అడుగుడే. అట్లా లెక్క అడిగి అడిగి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం, మన ఇండ్లల్లకు వచ్చి మనల్ని లెక్కపెట్టే ఫారం గురించి ఒక్కసారన్నా మాట్లాడుకోవద్దా?

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగి ఏండ్లకేండ్లు వాయిదా పడ్డది. చివరికి 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చి, 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టిన్రు. ఈసారి కులం కూడా రాస్తరు కాబట్టి చర్చంతా దాని చుట్టే తిరుగుతున్నది. మంచిదే. బీసీల వాటా తేలాల్సిందే. కానీ 2011 ఫారం తీసి చూడుండ్రి. కులం గడి కంటే ముందే ఇంకొన్ని గడులున్నయి. ఇంటి పెద్ద ఎవరు, ఆయనకు నువ్వేమైతవు, ఆడనా మగనా, పెండ్లయిందా లేదా. ఈ గడుల మీద మాట్లాడే నాయకుడు మాకింతవరకు కనబడలేదు.

అసలు ఇల్లంటే ఏంది? జనగణన పుస్తకం ప్రకారం ఒక కప్పు కింద ఉన్నంత మాత్రాన ఒక కుటుంబం కాదు. కలిసి ఉంటూ ఒకే వంటింటి కూడు తినేటోళ్లు ఒక కుటుంబం. వాళ్ల మధ్య రక్త సంబంధం ఉండాలన్న షరతు లేదు. అంటే లెక్కపెట్టేది పొయ్యిని. మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడ్డరంటే పొయ్యి వేరైందనే కదా అర్థం!

2014 ఆగస్టు 19న ఏం జరిగిందో యాదికి తెచ్చుకోండి. సమగ్ర కుటుంబ సర్వే నాడు రాష్ట్రమంతా బంద్ పెట్టినట్టు ఆగింది. ముంబై, భివండి నుంచి బస్సులు పట్టుకొని జనం ఊర్లకు ఉరికొచ్చిన్రు. 2011లో సుమారు 83 లక్షలున్న కుటుంబాలు ఆ ఒక్కరోజు లెక్కలో కోటి దాటినయి. జనమేమో ఆ మోతాదులో పెరగలేదు. మరి కుటుంబాలు ఎక్కడ పుట్టినయి? రేషన్ కార్డు, ఇల్లు, పింఛన్ - అన్నీ కుటుంబం లెక్కన ఇస్తమంటే ఒక్క పొయ్యి ఇల్లు కాయితం మీద రెండైంది. దీన్ని దొంగ లెక్క అన్నోళ్లున్నరు. మేము అనం. పెండ్లయిన కొడుకు, ముసలి తల్లి, మొగుడు వదిలేస్తే పుట్టింటికొచ్చిన బిడ్డ - ఒకే ఇంట్ల మూడు బతుకులు బతుకుతుంటే సర్కారు ఒక్క కార్డు ఇస్తనంటే జనం ఏం జేస్తరు? తప్పు జనానిది కాదు. ఆ సర్వే వివరాలను పూర్తిగా ప్రజల ముందు పెట్టని ఏలికలది.

ఇగ ఇంటి పెద్ద సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఏ ఊరికన్నా పోండి. మొగోడు దుబాయిలనో మస్కట్‌లనో ఉంటడు. అప్పు తీర్చేది, పిల్లల ఫీజు కట్టేది, పొలం కౌలుకిచ్చేది, చావుకు పెండ్లికి పోయేది ఆమె. ఎన్యూమరేటర్ వచ్చి అడిగితే మాత్రం ఆమే తన మొగుని పేరు చెప్తది. రాసేటాయన అదే రాసుకొని పోతడు. కానీ రూల్ అది కాదు! పెద్ద అంటే వయసులో పెద్దమొగోడే కానక్కర లేదు, సంపాదించేటోడే కానక్కర లేదు, ఇల్లు నడిపించే మనిషి అని సూచనల్లో స్పష్టంగా ఉన్నది. లెక్కింపు రోజులన్నీ ఊర్లో లేనోన్ని ఆ ఇంట్ల రాయనే రాయొద్దు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా షార్జాలో ఉన్నోని పేరు కరీంనగర్ జిల్లా ఇంటి పెద్దగా రాసిన్రంటే అది రూల్‌కు విరుద్ధం. దేశంలో ఆడవాళ్లు పెద్దగా ఉన్న ఇండ్లు 2011 లెక్కల్లో దాదాపు 11 శాతమే. మా గల్ఫ్ ఊర్లలో తిరిగినోళ్లెవరూ ఈ అంకెను నమ్మరు. అమెరికాలో ఆడవాళ్లు కొట్లాడితే 1980 సెన్సస్‌లో 'ఇంటి పెద్ద' అన్న మాటనే తీసేసిన్రు. మనకు అంత దూరం కూడా అక్కర లేదు, ఉన్న రూల్ పాటిస్తే చాలు.

బీడీల ముచ్చట కూడా అంతే. కార్డు ఒకరి పేరు మీద, చుట్టే చేతులు ముగ్గురివి. ఇంటి వ్యాపారంలో, పొలంలో కూలి లేకుండ చేసేది కూడా పనేనని ఫారంలో విడమర్చి రాయడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. అడిగే తీరు సరిగ్గ లేకపోతే ఆ మాట రాసి కూడా ఫాయిదా లేదు.

'విడిపోయినోళ్లు' అన్న గడిని విడాకుల నుంచి వేరు చేసింది 2011లో. వేరు చేయంగనే ఏం తేలింది? విడాకులు తీసుకున్నోళ్లు దేశంలో 13.6 లక్షలైతే, కోర్టు గడప తొక్కకుండ విడిగా బతికేటోళ్లు సుమారు 35 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మన రాష్ట్రంలో ఒంటరి మహిళల పింఛన్ 2017లో మొదలైంది. ఆ పింఛన్ ఎవరికి అందాల్నో చెప్పేది ఇసొంటి గడే. ఒక్క గడి మార్చితే లక్షల బతుకులు కనబడ్డయి.

హిజ్రాల విషయంలో మన హైదరాబాద్ చరిత్ర సిగ్గుపడేది. 1329 ఫస్లీ నాటి చట్టం వాళ్లను కూడా లెక్కపెట్టింది - అనుమానితుల రిజిస్టర్ పెట్టి, నేరగాళ్ల లెక్క. ఆ చట్టాన్ని నిజాం పోయినంక కూడా ఎవరూ తీసెయ్యలేదు. వైజయంతి వసంత మొగ్లీ వంటి వాళ్లు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 2011 జనగణనలో మొదటిసారి ఆడ, మగ కాకుండ 'ఇతరులు' అని మూడో కోడ్ పెట్టిన్రు. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి రాష్ట్రంలో 43,769 మంది అని తేలింది. అచ్చైన ముఖ్య పట్టికల్లో మాత్రం వాళ్లను మొగోళ్ల అంకెలోనే కలిపేసిన్రు! లెక్కపెట్టినట్టే పెట్టి మాయం చేసుడంటే ఇదే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినంక కూడా అట్లనే కలిపితే మేము ఊరుకోం. ఇంకో మాట. గురువు, చేలాలు ఒక్క పొయ్యి మీద వండుకొని తింటరు. రూల్ ప్రకారం అది పక్కా కుటుంబం. బంధుత్వం గడిలో 'గురువు' అని రాయండి, ఏమైతది?

ఈ పత్రిక చదివే టీచర్లు, ఉద్యోగులే రేపు ఇంటింటికి పోయేటోళ్లు. మీ సంఘాలు డీఏ కోసం, పీఆర్సీ కోసం వినతిపత్రాలు ఇస్తయి. ఈసారి శిక్షణ తరగతుల్లో ఒక ప్రశ్న లేవనెత్తండి: దుబాయి పోయినోని ఇంట్ల పెద్ద పేరు ఎవరిది రాయాలె? జవాబు మాటలతోని కాదు, రాతపూర్వకంగా ఇయ్యమనండి. విద్యార్థి సంఘాలు బస్తీల్లో, తండాల్లో, హిజ్రాల ఇండ్లల్లో ముందే తిరిగి, ఫారంలో ఏమడుగుతరో చెప్పి రావాలె. మూడో కోడ్ కింద రాసుకున్న అంకెలను జిల్లాలవారీగా, వేరే పట్టికలో అచ్చెయ్యాలని రాష్ట్ర జనగణన కార్యాలయానికి ఇప్పుడే రాయాలె.

ఎన్యూమరేటర్ గడప దగ్గర నిలబడి 'మీ సారు పేరేంది' అని కాదు, 'ఈ ఇల్లు నడిపేదెవరమ్మా' అని అడగాలె.