ఐపీ పెట్టే హక్కు మనకీ ఉంది

మా వైపు ఒక మనిషి పరువు తీయాలంటే పెద్ద బూతు అక్కర్లేదు. "వాడు ఐపీ పెట్టినోడు" అంటే చాలు. చిట్టీలు నడిపి జనం సొమ్ముతో ఉడాయించినవాడికీ అదే మాట. ఊరంతా బాకీపడి, అమ్ముడుపోని సరుకు ముందు కూర్చుని కూర్చుని కొట్టు మూసుకున్నవాడికీ అదే మాట. బోర్డు తిప్పేసినవాణ్ణీ, బోర్లా పడినవాణ్ణీ ఒకే గాటన కట్టేశారు. ఈ మాటకు జడిసి మన వాడల్లో వ్యాపారం పెట్టి దెబ్బతిన్న కుర్రాళ్లు కోర్టు గడప తొక్కడం లేదు. రాత్రికి రాత్రి పెళ్లాం బిడ్డల్ని తీసుకుని హైదరాబాదో బెంగుళూరో పోయి అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా కుదురుతున్నారు. కొందరు ప్రాణమే తీసుకుంటున్నారు. మేము ఇది రాస్తున్నది ఆ కుర్రాళ్ల కోసం, వాళ్ల వెనక నిలబడాల్సిన మన సంఘాల కోసం.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దివాలా దరఖాస్తు. "నాకున్నది ఇంత, నేనివ్వాల్సింది ఇంత, ఇక నా వల్ల కాదు, ఉన్నది తీసుకుని అందరికీ పంచండి, నన్ను బతకనివ్వండి" అని కోర్టుకి చెప్పుకోవడం. అందులో ఇంతకు మించి మర్మమేమీ లేదు. తెల్లదొరల కాలంలో 1920లో వచ్చిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందనే నేటికీ మన జిల్లాల్లో ఈ దరఖాస్తులు పడుతున్నాయి. ఆ దారి తెలిసినవాళ్లు ఎవరయ్యా అంటే ఊళ్లో నాలుగు తరాలుగా వ్యాపారం చేసినవాళ్లు. వాళ్లకి ప్లీడరు ఇంట్లోనే ఉంటాడు, లేకపోతే వియ్యంకుడి ఇంట్లో ఉంటాడు. మనకి మాత్రం మొన్నమొన్ననే వ్యాపారం వచ్చింది. వ్యాపారంతో పాటు అప్పు వచ్చింది. అప్పులోంచి బయటపడే దారి మాత్రం ఎవడూ చెప్పలేదు.

మాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాం. పేరూ ఊరూ వద్దు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు. కార్పొరేషన్ సబ్సిడీ, బ్యాంకు లోను కలిపి టెంట్ హౌస్ పెట్టాడు. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు, వంటకి గుండిగలు, బేసిన్లు, గరిటెలు. పెట్టుబడిలో సగం ఆ పాత్రలకే అయింది. ఊళ్లోవాళ్లు కుర్చీలు అద్దెకి తీసుకున్నారు. షామియానా తీసుకున్నారు. గుండిగలు మాత్రం తీసుకోలేదు. "పాత్రలు వేరేచోట చెప్పేశాంలే అబ్బాయ్" అన్నారు. ఒకళ్లు కాదు ఇద్దరు కాదు, రెండు పెళ్లిళ్ల సీజన్లు ఇదే మాట. కొత్త గుండిగలు మసి అంటకుండా గోడకి బోర్లించే ఉన్నాయి. బ్యాంకు వాయిదా కట్టడానికి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ కట్టడానికి పక్కూళ్లో నూటికి అయిదుకి తెచ్చాడు. ప్రతిచోటా ఒక ప్రోనోటు, దాంతోపాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు.

దీన్ని బ్యాంకు కాగితాల్లో "వ్యాపార దక్షత లేదు" అని రాసుకుంటారు. గుండిగ మైలపడుతుందన్న సంగతి రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదు. బాబాసాహెబ్ 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ ఒకటి పెట్టారు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషి. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిశాక వచ్చేవాళ్లు రావడం మానేశారు, మూసెయ్యాల్సి వచ్చింది. ఆయన వ్యాపారం చేతగాక మూశారందామా?

ఇక పెద్దవాళ్ల సంగతి చూడండి. 2016లో పార్లమెంటు కొత్త దివాలా కోడ్ చేసింది. దానికింద ఆలోక్ ఇండస్ట్రీస్ అనే బట్టల కంపెనీ వ్యవహారం 2019లో తేలింది. బ్యాంకులకి రావాల్సింది సుమారు 29 వేల కోట్లు, ఒప్పుకున్నది 5 వేల కోట్ల పైచిల్లర. మిగతాది గాలికి. పాత యజమానుల చేతిలోంచి కంపెనీ పోయింది, నిజమే. కానీ దాన్ని ఎగవేత అని ఎవరైనా అన్నారా? రిజల్యూషన్ అని ముద్దుపేరు పెట్టారు. మనవాడు రెండు లక్షలు కట్టలేకపోతే మాత్రం ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చుంటారు. మంచం ఎత్తుకుపోతారు. నలుగురిలో కులం పేరెత్తి తిడతారు. "మీ ఆవిణ్ణి చేలోకి పంపు, కూలి బాకీలో జమేసుకుంటా" అంటారు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లో సామాను ముట్టుకునే హక్కు ఏ షావుకారుకీ లేదు. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇక మూడోది అచ్చంగా వెట్టి. 1976 వెట్టి నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దు. దానికి ఐపీ కూడా అక్కర్లేదు.

చట్టం ఎలా నడుస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. అప్పులు అయిదు వందల రూపాయలు దాటి తీర్చలేని స్థితి ఉంటే దరఖాస్తు వేసుకోవచ్చు. అప్పులవాళ్ల పేర్లు, ఊళ్లు, ఎవరికెంత, మన ఆస్తి ఏమిటి, ఎక్కడుంది, అన్నీ రాయాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. అప్పటినుంచి ఆ బాకీల మీద కోర్టు అనుమతి లేకుండా ఎవడూ కొత్త దావా వెయ్యడానికి లేదు. అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. అన్నీ పోతాయా అంటే పోవు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక, చేతిపనివాడి పనిముట్లు, వ్యవసాయం చేసేవాడి నాగలీ ఎడ్లూ, వ్యవసాయ కూలీ ఉండే ఇల్లు, ఇవి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తుకి దొరకవు. చెప్పులు కుట్టేవాడి ఆరె, కటింగు షాపులో కత్తెర అతనివే. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి కోర్టు డిక్రీ మీద అమ్మినా చెల్లదని 1977 చట్టం చెప్పింది. ఆంధ్రలో 2023లో ఆ చట్టాన్ని మార్చారు గనక పట్టా ఎప్పటిదో వకీలుకి చూపించి కనుక్కోండి.

జైలు మాట చెప్పి బెదిరించేవాళ్లు ఎక్కువ. కట్టలేని పేదరికం జైలుకి కారణం కాకూడదని, ఉండి కూడా ఎగ్గొట్టే దుర్బుద్ధి రుజువు కావాలని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే సుప్రీంకోర్టులో తీర్పు చెప్పారు. డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చెయ్యడానికి అసలే వీల్లేదు.

ప్రకటనతో పని అయిపోదు. కోర్టు ఇచ్చిన గడువులోగా డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే ఊరుకుంటారు, మొదటి ఉత్తర్వు కూడా రద్దవుతుంది, షావుకార్లు మళ్లీ మీదపడతారు. డిశ్చార్జి దగ్గర కోర్టు నిలదీసి అడుగుతుంది. ఉన్న ఆస్తి తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది మనిషి బాధ్యత లేని కారణాలవల్ల జరిగిందని చూపించాలి. 42వ సెక్షన్లో ఉంది ఇది. మేము మళ్లీమళ్లీ చెప్పేది ఈ చోటు గురించే. గుండిగలు ఎవరూ తీసుకోలేదన్న సంగతి ఇక్కడ ప్రమాణం చేసి చెప్పాలి. కుర్చీలు ఎన్ని పెళ్లిళ్లకి పోయాయి, పాత్రలు ఎన్ని పెళ్లిళ్లకి పోయాయి, అద్దె పుస్తకం తీసి చూపించాలి. మన హోటల్లో టీ తాగనివాళ్లు, మన పాలకేంద్రంలో పాలు పొయ్యనివాళ్లు, వీళ్ల సంగతి కోర్టు రికార్డులోకి ఎక్కాలి. జడ్జిగారు ఒప్పుకుంటారో లేదో తరవాత మాట. అడగకుండానే ఒప్పుకోరు గదా.

అందుకే పద్దు పుస్తకం ముఖ్యం. వంద పేజీల నోటుబుక్కు చాలు. లెక్కలు రాయకపోయినా, దివాలా అని తెలిసీ కొత్త అప్పులు చేస్తూ వ్యాపారం సాగదీసినా, డిశ్చార్జి దగ్గర చిక్కొస్తుంది. ఉన్న రెండు సెంట్ల స్థలం ముందే బావమరిది పేర రాసేసి తరవాత ఐపీ పెట్టమని సలహా ఇచ్చే గుమాస్తాలు ప్రతి కోర్టు బయటా ఉంటారు. రెండేళ్లలోపు అలా రాసింది కోర్టు కొట్టేస్తుంది. మూడు నెలల్లోపు ఒక్క షావుకారుకి మాత్రం కట్టేసి మిగతావాళ్లకి చెయ్యి చూపించినా అంతే. దాచిపెడితే జైలు శిక్ష కూడా ఉంది. నిజాయితీగా పోయేవాడికే ఈ దారి.

ఇది అన్ని రోగాలకీ మందు కాదు. తాకట్టు పెట్టిన ఆస్తి బ్యాంకు అమ్ముకోకుండా ఐపీ ఆపదు. సర్కారు బాకీ పోదు. చెక్కు కేసు వేరే క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంత మాత్రాన అది పోదు, అందుకే ఖాళీ చెక్కు చేతికివ్వకండి అని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాం. డిశ్చార్జి అయ్యేదాకా పంచాయతీ, మండల ఎన్నికల్లో నిలబడటం కుదరదు. రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో మన సర్పంచిని దించడానికి దీన్ని వాడుకుంటారు, జాగ్రత్త. అన్నిటికన్నా హామీ ఉన్నవాడు బయటపడడు. ఇది మాబోటి జీతగాళ్లకి తగిలే దెబ్బ. వాడలో మొదట ఉద్యోగం వచ్చిన పంతులు ప్రతి చిట్టీకీ ప్రతి లోనుకీ జామీను సంతకం పెడతాడు. పెట్టకపోతే "ఉద్యోగం రాగానే మమ్మల్ని మర్చిపోయాడు" అంటారు. అసలువాడు డిశ్చార్జి అయినా డిక్రీ జామీనుదారు జీతం మీదికి వస్తుంది. మొదటి వెయ్యి రూపాయలు, ఆ పైన మూడింట రెండొంతులు వదిలేసి మిగతాది పడతారు. ఒకే డిక్రీ మీద 24 నెలలు దాటి పట్టడానికి లేదు. కాబట్టి ఐపీ పెట్టే తమ్ముడు ముందుగా జామీనున్న అన్నతో కూర్చుని మాట్లాడాలి. చాటుగా పెడితే వాడలో రెండిళ్లు కూలతాయి.

కొట్టు మూతపడకుండా నిలబెట్టుకునే తోవ కూడా ఈ చట్టంలో ఒకటుంది, దాని మాట ఎవరూ ఎత్తరు. 38వ సెక్షన్ కింద రాజీ ప్రతిపాదన పెట్టొచ్చు. "రూపాయికి ఇన్ని పైసలు, ఇన్ని వాయిదాల్లో ఇస్తాను, కొట్టు నడుపుకోనివ్వండి" అని. అప్పులవాళ్లలో సగం మంది పైగా, బాకీ మొత్తంలో ముప్పాతిక వంతు ఉన్నవాళ్లు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే ఒప్పుకోనివాడు కూడా కట్టుబడాలి. ఊళ్లో అప్పులిచ్చినవాళ్లంతా ఒకే కులం వాళ్లయితే, ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లయితే, మనవాడు ఒక్కడే పోయి వాళ్లని ఒప్పించగలడా? సంఘం చెయ్యాల్సిన పని ఇది. ఊరేగింపు తియ్యడం వచ్చిన మనకి పద్దుపుస్తకం పట్టుకుని షావుకారు ముందు కూర్చోవడం కూడా రావాలి.

1920 చట్టం ఎంత ముసలిదో చూడండి. దివాలా తీసినవాడి దగ్గర పనిచేసిన కూలివాడి జీతం ముందుగా ఇవ్వాలని రాశారు, బాగానే ఉంది, ఎంతా అంటే 20 రూపాయల దాకా! 2016 కోడ్‌లో పేదవాళ్లకి 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక అధ్యాయం పెట్టారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అలాంటివాడి అప్పు కొట్టెయ్యొచ్చు. ఈ లెక్కలు వేసినవాళ్లు మా వాడలో కుట్టుమిషను పెట్టుకున్న ఆడమనిషికి ఎంత బాకీ ఉంటుందో ఎప్పుడూ అడిగినట్టు లేదు. ఆ కొద్ది మేలు కూడా కాగితం మీదే ఉండిపోయింది. మనుషుల దివాలాకి సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. ఓట్ల కోసం మన వాడకి వచ్చే ఎంపీని ఈసారి సీసీ రోడ్డుతో పాటు ఇది కూడా అడగండి: ఆ అధ్యాయం ఎప్పుడు తెస్తారు, ఆ 35 వేలు ఎప్పుడు పెంచుతారు?

అందాకా ఉన్న చట్టమే వాడుకోవాలి. ప్లీడరు ఫీజుకి భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. కోర్టు ఆవరణలోనే న్యాయసేవా కమిటీ ఆఫీసు ఉంటుంది. కుల ధ్రువపత్రం, వచ్చిన నోటీసులు, బ్యాంకు పాసుపుస్తకం, పద్దుపుస్తకం, ఎవరికెంత బాకీయో ఒక కాగితం, ఇవి పట్టుకెళ్లండి. వాయిదా రోజున మాత్రం ఆ తమ్ముణ్ణి ఒక్కణ్ణీ పంపకండి. అప్పులవాళ్లు పదిమంది కలిసే వస్తారు.