సైకిల్ మీద తెచ్చిన గాజుముక్కలు

చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసే నేక్ చంద్ డ్యూటీ దిగి సైకిలెక్కితే అడవి దారి పట్టేవారు. కొత్త నగరం కోసం ఖాళీ చేయించిన పల్లెల శిథిలాల్లో దొరికిన గాజుముక్కలు, పెంకులు, విరిగిన కప్పులు, వాగు ఒడ్డున ఏరిన వింత ఆకారపు రాళ్లు - అన్నిటినీ ఆ సైకిల్ మీదే మోసుకెళ్లేవారు. సుఖ్నా సరస్సు దగ్గర, ఏ కట్టడమూ లేవకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన అటవీ భూమిలో, పాత టైర్లు కాల్చిన వెలుతురులో సిమెంటు బొమ్మలు చేసేవారు. పగిలిన గాజులన్నీ ఆ బొమ్మల ఒంటిమీద బట్టలయ్యాయి. 1957లో మొదలైన ఆ పని 18 ఏళ్లపాటు అధికారుల కంట పడలేదు. 1975లో పడింది. అప్పటికక్కడ బొమ్మల ఊరే వెలిసింది.

చట్టం ప్రకారమైతే కూల్చేయాలి. చూసినవాళ్లకు మనసొప్పలేదు. మరుసటి ఏడాది ఆ తోటను జనం కోసం తెరిచి, ఆయనకు జీతం, 50 మంది కూలీలను ఇచ్చి, ఇకనుంచి నీ ఉద్యోగం ఇదేనన్నారు. అప్పుడాయన వయసు 51. అదే నేటి రాక్ గార్డెన్.

యాభై దాటాక ఆయన దారి మార్చుకున్నారని చెప్పుకుంటాం గానీ, మనసు ముప్పై రెండేళ్లకే మారింది. 19 ఏళ్ల తర్వాత దానికి ఆర్డరు కాగితం వచ్చింది, అంతే.

మన దగ్గర ఆ వయసువారు కనబడితే ముందుగా అడిగేది ‘ఇంకా సర్వీసు ఎన్నేళ్లుంది’ అనే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్ల దాకా, తెలంగాణలో 61 దాకా కొలువులో ఉంటారు. వీణో, బొమ్మలో, నాటకమో, ఊళ్లో రెండెకరాల సేద్యమో... ఇష్టమైనదంతా ఆ తేదీ అవతలకు నెట్టేస్తాం. తీరా ఆ తేదీ దాటాక ఎవరైనా మొదలుపెడితే ‘కృష్ణా రామా అనుకోవాల్సిన వయసులో ఇదేం సరదా’ అంటాం. ఈ మాట అనేది ఎక్కువగా సొంతవాళ్లే కావడం బాధాకరం.

మా ఎరుకలో ఒక లెక్కల మాస్టారు రిటైరయ్యాక వీణ పట్టారు. ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని సరళీ స్వరాలు పలికించేవారు. పిల్లలకు వారంలో పట్టుబడిన వరస ఆయనకు రెండు నెలలు పట్టింది. తీగ ఒరుసుకున్నచోట వేలి కొసన నల్లటి గీత పడింది. పాఠానికి ముందు ఆ వేలికి కొబ్బరినూనె రాసుకుంటూ, ‘ముప్పై ఐదేళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి కదా, మెల్లగా వింటుంది’ అనేవారు. ఆయన కచేరీలు చేయరు. చేయాలనీ లేదు. ఆయన తోడి వాయించడం వింటే, ఆ ముప్పై ఐదేళ్లూ ఆ రాగం ఎక్కడ దాగి ఉందా అనిపిస్తుంది.

ఇంటి అప్పు, పిల్లల చదువు నెత్తిమీద ఉన్నవారిని రాజీనామా విసిరేయమనడం బాధ్యత లేని సలహా. అది మేమివ్వం. వదలకుండానే సాధించినవారూ ఉన్నారు. శ్రీపాద పినాకపాణి కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. పగలు రోగులు, విద్యార్థులు; మిగిలిన వేళల్లో సంగీతం. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1913లో పుట్టి 2013లో కన్నుమూసిన ఆ వైద్యుణ్ని తెలుగునేల సంగీత గురువుగానే తలుచుకుంటోంది. రోజులో గంటో, అరగంటో ఇష్టానికి అట్టిపెట్టుకున్నవారికి రేపు ఉద్యోగం మానినా మానకున్నా దారి తప్పదు. ఏమీ అట్టిపెట్టుకోకుండా పదవీ విరమణ నాటి పూలదండతో ఇంటికొచ్చినవారికే మర్నాటి ఉదయం బరువు.

ఈ మాటలన్నిటిలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. నలభై ఏళ్లు వంటింట్లో పనిచేసిన ఇల్లాలికి విరమణ తేదీ ఎవరు రాశారు? భర్త రిటైరయ్యాక ఆమెకు పని పెరుగుతుంది. పూటపూటకూ కాఫీ కలపాలి. పెళ్లికి ముందు ఆమె కథలు రాసేదనో, హరికథ చెప్పేదనో పిల్లలకు తెలిసేది ఏ పాత ఫొటో బయటపడ్డప్పుడో. రెండో దారి అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ.

మీ ఇంట్లో అమ్మో, నాన్నో, అత్తగారో ఇన్నేళ్ల తర్వాత అటకమీది హార్మోనియం పెట్టె దింపి దుమ్ము దులుపుతుంటే, ఎందుకని అడగకండి. ఆ సాయంత్రం టీవీ కట్టేసి, కాఫీ మీరు కలపండి.