మరుభూమిలో చిరుప్రాణి

‘మరువు’ అంటే ఎడారి. ప్రాణులు మరణించే చోటు కనుక దానికి ఆ పేరు వచ్చిందని సంస్కృత వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పారు. మన కవులకు కూడ మరుభూమి అనగానే స్ఫురించేవి ఆరని దాహము, అందని ఎండమావి. పాతికేళ్ళపాటు తరగతి గదిలో నేను ఈ పదాన్ని ఇదే విధంగా వివరిస్తూ వచ్చాను. కాని రాజస్థాన్‌లోని జైసల్మేర్ సమీపాన, థార్ ఎడారిలో, గోరంత సీతాకోకచిలుకను ఛాయాచిత్రం తీయడానికి ప్రయత్నించిన నాటినుండి ఆ వ్యుత్పత్తిని మునుపటి ధీమాతో చెప్పలేకపోతున్నాను.

థార్ పశ్చిమ భాగంలో సంవత్సర వర్షపాతం సగటున 250 మిల్లీమీటర్లకు మించదు. అందులో అధిక భాగం జూలై, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. వాన పడిన కొద్ది రోజులకే ఇసుకలో నిద్రిస్తున్న విత్తనాలు మొలకెత్తుతాయి. దసరా నాడు మనం పూజించే జమ్మిచెట్టే అక్కడ ‘ఖేజ్రీ’ అనే పేరుతో పశువులకు మేతను, మనుషులకు నీడను ఇస్తుంది. మనకు పరిచితమైన జిల్లేడు, రేగు, పల్లేరు కూడ అక్కడ కనిపిస్తాయి. ఇటువంటి మొక్కలనే ఆశ్రయించి చిరు సీతాకోకచిలుకలు జీవిస్తాయి. వాటిలో ‘గ్రాస్ జ్యుయెల్’ ఒకటి. రెక్కలు పూర్తిగా విప్పినా దాని వెడల్పు సుమారు రెండు సెంటీమీటర్లే. మన దేశంలోని అతి చిన్న సీతాకోకచిలుకలలో దానికి స్థానముంది. నిలబడి చూసేవారికి అది గాలికి కదిలిన ఎండుటాకు ముక్కలా తోస్తుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే వెనుక రెక్కల అంచున నారింజ వన్నె, దానిలో నల్లని చుక్కలు, ఆ చుక్కలలో లోహకాంతితో మెరిసే పొలుసులు కనిపిస్తాయి.

దానిని చిత్రించదలచిన మనిషి ముందుగా తన ఎత్తును వదులుకోవాలి. సూర్యోదయమైన తొలి గంటలో ఇసుకపై బోర్లా పడుకోవాలి. శరీరాన్ని వేడి చేసుకోవడానికి సీతాకోకచిలుక ఎండపై ఆధారపడుతుంది కనుక ఆ వేళలో అది చురుకుగా ఎగరలేదు. అటువంటప్పుడు మన నీడ దానిపై పడితే దానికి ప్రాణాధారమైన ఎండను మనం అపహరించినట్లే. అతి సమీపంనుండి చిత్రం తీసే మాక్రో లెన్సులో స్పష్టత ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకే పరిమితం. కన్ను స్పష్టమైతే రెక్క మసకబారుతుంది. అందుచేత మూసిన రెక్కలకు సమాంతరంగా కెమెరాను నిలిపి, గాలి ఆగేవరకు వేచి ఉండాలి. ఒక్క చిత్రానికి గంట పట్టినా ఆశ్చర్యపడవలసిన పని లేదు.

ఆ ఓర్పు నాకు తొలిరోజున లేకపోయింది. సీతాకోకచిలుక వాలిన చోటికల్లా పరుగెత్తాను. చివరకు ఒక చిత్రం దొరికింది. ఆ సంతోషంతో వెనుదిరిగినప్పుడు నా పాదాల కింద నలిగిన పల్లేరు మొక్కలు కనిపించాయి. ‘డార్క్ గ్రాస్ బ్లూ’ అనే మరొక చిరు సీతాకోకచిలుక గొంగళిపురుగులకు పల్లేరు ఆహారమని నేను అంతకుముందే చదివి ఉన్నాను. చదివిన విషయం పాదాల వరకు దిగిరాలేదు. ఆ మొక్కలపై ఎన్ని గుడ్లున్నవో నేను చూడలేదు, చూడకుండానే తొక్కాను. ఆ చిత్రాన్ని ఎవరు మెచ్చుకొన్నా ఈనాటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

‘కెమెరాలో బంధించడం’ అని మనం అలవాటుగా అంటాము. కొందరు ఆ మాటను అక్షరాలా ఆచరిస్తారు. కీటకాన్ని పట్టి, చల్లని పెట్టెలో ఉంచి, అది కదలలేని స్థితికి వచ్చిన తరువాత పువ్వుపై కూర్చోబెట్టి చిత్రం తీస్తారు. అది చూసేవారిని వంచించడమే కాక ఆ ప్రాణిని హింసించడం కూడ. తన స్వేచ్ఛతో వాలి, తన స్వేచ్ఛతో ఎగిరిపోయిన ప్రాణి చిత్రమే నిజమైన చిత్రమని నా అభిప్రాయం.

ఇంత చిన్న ప్రాణికి ఇంత శ్రమ అవసరమా అని ప్రశ్నించేవారున్నారు. అవసరమనే నేను అంటాను. 2000లో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ, మన హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన సంస్థతో కలిసి, బంజరు భూముల అట్లాసును వెలువరించింది. ఎడారి ఇసుక నేలలు అందులో ఒక వర్గం. ఉపగ్రహం వందల కిలోమీటర్ల ఎత్తునుండి చూస్తుంది. గ్రాస్ జ్యుయెల్‌ను చూడాలంటే జానెడు దూరానికి రావాలి. ఫలోదీ జిల్లా భాడ్లాలో సుమారు 14,000 ఎకరాలలో 2,245 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వెలసింది. సౌరశక్తి దేశానికి అవసరమే. అయితే ఒక నేలను ‘ఖాళీ’ అని నిర్ణయించే ముందు ఎవరైనా అక్కడ మోకాళ్ళపై కూర్చొని చూశారా అన్న ప్రశ్న కూడ అంతే అవసరం. తేదీ, స్థలం నమోదైన ఒక్క ఛాయాచిత్రం అటువంటి నేల పక్షాన సాక్ష్యం చెప్పగలదు. బట్టమేక పక్షి పక్షాన న్యాయస్థానంలో వాదించడానికి మనుషులున్నారు. గోరంత సీతాకోకచిలుకకు చాలాచోట్ల ఆ చిత్రమే న్యాయవాది.

1730లో జోధ్‌పూర్ సమీపంలోని ఖేజర్లీ గ్రామంలో, రాజు పంపినవారు జమ్మిచెట్లను నరకబోగా అమృతాదేవి చెట్టును కౌగిలించుకొని ప్రాణాలర్పించింది. ఆమె బాటలో మొత్తం 363 మంది బిష్ణోయీలు బలి అయ్యారని చరిత్ర చెబుతున్నది. ఎడారిని ప్రాణమున్న నేలగా చూసినవారు కనుకనే వారు అంతటి త్యాగం చేయగలిగారు. నేడు మననుండి ఎవరూ ప్రాణాలు కోరడం లేదు. అడుగు వేసేముందు కింద చూడడం, ఒక గంట కదలకుండా ఉండడం నేర్చుకొంటే చాలు. అందుకు థార్ వరకు పోనక్కరలేదు. మీ కళాశాల ప్రహరీగోడ పక్కన మొలిచిన పల్లేరు వద్ద రేపు ఉదయమే ఆరంభించవచ్చు.