ఫోటోలు ఎందులో దాచాలి?

పిల్లలూ! పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడో తరగతి చదివే అమ్మాయిది. "మాస్టారూ, మా నాయనమ్మ రెండేళ్ల కిందట పోయింది. ఆవిడ ఫోటోలన్నీ మా నాన్న ఫోనులోనే ఉన్నాయి. ఆ ఫోను ఇప్పుడు మాటిమాటికీ ఆగిపోతున్నది. పెన్‌డ్రైవ్ కొని అందులో వెయ్యమంటారా, హార్డ్‌డిస్క్ కొనమంటారా? ఏది ఎక్కువ కాలం చెడిపోకుండా ఉంటుంది?" అని అడిగింది.

జవాబు చెప్పేముందు నా తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన బడిలో చాలా ఏళ్లు గంట కొట్టిన ముసలాయన ఒకాయన ఉండేవాడు. పిల్లలంతా ఆయనను గంట తాత అనేవారు. ఒక వార్షికోత్సవం నాడు తీసిన ఫోటోలన్నీ నేను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, కాగితంలో చుట్టి, బీరువా సొరుగులో పెట్టాను. ఎంతో భద్రంగా దాచానని మురిసిపోయాను కూడా. ఆరేళ్ల తర్వాత తాత కాలం చేశాడు. ఆయన కొడుకు వచ్చి, పటం కట్టించుకుంటాం, నాన్న ఫోటో ఉంటే ఇవ్వండి అని అడిగాడు. పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటరుకు పెట్టాను. అందులో ఏదో పెట్టినట్టే కంప్యూటరుకు తెలియలేదు. ఇంకొక కంప్యూటరుకు పెట్టి చూశాం, అదీ అంతే. ఆ అబ్బాయి నన్నొక మాట అనలేదు. "పోనీలెండి మాస్టారూ" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నేను ఈ విషయం గురించి చదవసాగాను.

ఫోటో ఎంత అందమైనదైనా, కంప్యూటరుకు అది ఒకట్లూ, సున్నాలూ బారులు తీరిన పెద్ద వరస మాత్రమే. పెన్‌డ్రైవ్‌లోనూ, ఫోనులో వేసే మెమరీ కార్డులోనూ ఈ అంకెలను దాచటానికి కంటికి కనిపించని గదులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్క గదిలో కొద్దిగా విద్యుత్తును బంధించి పెడతారు. విద్యుత్తు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి అది ఒకటో, సున్నాయో తెలుస్తుంది. జపాన్ దేశంలో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే ఇంజనీరు 1980లలో ఈ ఉపాయం కనిపెట్టాడు. అయితే ఆ గదుల గోడలు ఎంత పలచనివంటే, లోపలి విద్యుత్తు ఏళ్ల తరబడి బొట్టు బొట్టుగా కారిపోతుంది, కుండలో నీరు చెమర్చినట్టు. వేడి తగిలితే మరీ త్వరగా కారుతుంది. మన ఎండాకాలంలో కారులోనో, కిటికీ గట్టు మీదనో పెన్‌డ్రైవ్ పెట్టినవారు అది పాడైపోతే ఆశ్చర్యపోనవసరం లేదు. అదీగాక దానిలోని మరొక చిన్న భాగం ఏది చెడినా మొత్తం మూగబోతుంది. నాది ఎందువల్ల మూగబోయిందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. అందుచేత పెన్‌డ్రైవ్ అనేది ఈ ఊరినుంచి ఆ ఊరికి ఫోటోలు మోసుకుపోయే సంచీయే గాని, ఏళ్లకేళ్లు దాచుకునే భోషాణం కాదు.

అంగడివీధిలో మరీ చవకగా అమ్మే పెన్‌డ్రైవ్‌లతో ఇంకొక చిక్కు ఉన్నది. కొన్నిటి మీద చాలా పెద్ద అంకె అచ్చువేసి ఉంటుంది, లోపల అందులో పదోవంతు చోటు కూడా ఉండదు. అది నిండిన తర్వాత కూడా మీరు వేస్తూ ఉంటే, ఫోటోలు చేరుతున్నట్టే కనిపిస్తాయి. తెరిచి చూస్తే గాని మోసం బయటపడదు. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

ఇక హార్డ్‌డిస్క్. దీనిలో నున్నటి పళ్లేలు గిర్రున తిరుగుతూ ఉంటాయి. వాటి మీద అయస్కాంతపు గుర్తులతో అంకెలు రాసి ఉంటాయి. 1956లో ఐబీఎం కంపెనీవారు మొదటిసారి ఇటువంటి యంత్రం తయారుచేశారు. రెండేసి అడుగుల వెడల్పు గల పళ్లేలు 50 ఉండేవి, బరువు సుమారు ఒక టన్ను. ఇంతాచేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలే. ఈ రోజు ఫోనుతో తీసిన ఫోటో ఒకటి వేస్తే చాలు, నిండిపోయి ఉండేది! ఈనాటిది చొక్కా జేబులో పడుతుంది, లక్షల ఫోటోలు పడతాయి. అయితే గుర్తులను చదివే ములుకు తిరిగే పళ్లేనికి తగలకుండా, ఎంతో దగ్గరగా తేలుతూ ఉంటుంది. ఆ సందు మన వెంట్రుక మందంలో పదివేలవ వంతు ఉంటుందేమో! తిరుగుతూ ఉండగా బల్ల మీదినుంచి కింద పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. జాగ్రత్తగా వాడితే మాత్రం, ఇంట్లో చాలా ఫోటోలు దాచటానికి తక్కువ ఖర్చులో ఇదే మేలు. నాలుగైదేళ్లు పనిచేసిందంటే దానికి దణ్ణం పెట్టి, కొత్తదానిలోకి మార్చుకోవటం మంచిది.

సీడీలూ, డీవీడీలూ మీ ఇళ్లల్లో ఇంకా ఉండవచ్చు. మనం ఇంట్లో రాసుకునే సీడీలో రంగుపూత ఒకటి ఉంటుంది, వెలుతురుకూ తేమకూ అది వెలిసిపోతుంది. రాయివంటి పూత వేసిన గట్టి రకాలు కూడా వచ్చాయి. కాని వాటిని చదివే పెట్టె ఈనాటి కంప్యూటర్లలో చాలావాటికి లేనే లేదు. ఇది చిన్న సంగతి కాదు సుమా! ఇంగ్లండులో 1086లో రాజు తన రాజ్యంలోని భూముల లెక్కలన్నీ తోలుకాగితాల మీద రాయించాడు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదవవచ్చు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీవారు అటువంటి వివరాలే కొత్తగా సేకరించి, ఆనాటి లేజరు పళ్లేల మీదికి ఎక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పళ్లేలను చదివే యంత్రాలు కరువైపోయాయి. శాస్త్రజ్ఞులు ఎంతో పాటుపడి ఆ వివరాలను మళ్లీ బయటికి తీయవలసివచ్చింది.

అయితే ఏది నమ్మాలి మాస్టారూ అంటారా? అన్నమాచార్యుల కీర్తనలను తాటాకుల మీద కాక రాగిరేకుల మీద చెక్కించారు. రాగిని చెదలు తినదు గదా! ఆ రేకులు తిరుమల కొండ మీద చిన్న గదిలో వందల ఏళ్లు పడి ఉండి, 20వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. కాని ఆయన రాసినవి 32 వేలని చెబుతారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. రాగి చెడకపోయినా, రేకే కనిపించకపోతే ఏం చేస్తాం? తాటాకు రాగి కంటె ఎంతో బలహీనమైనది. కాని తాటాకు గ్రంథాలను తరతరాలవారు కొత్త ఆకుల మీదికి ఎక్కించుకుంటూ వచ్చారు. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి తెలుగు గ్రంథాలకు కాగితాల మీద ప్రతులు రాయించాడు. ఊరూరా ప్రతులు ఉండబట్టే ఎన్నో కావ్యాలు మనదాకా వచ్చాయి.

ఇటువంటిదే ఈ కాలపు కథ ఒకటి వినండి. 1998లో అమెరికాలో పిక్సార్ అనేవారు 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తున్నారు. ఎవరో పొరపాటున చెరిపివేసే ఆజ్ఞ ఒకటి కంప్యూటరుకు ఇచ్చారు. చూస్తుండగానే బొమ్మలు ఒకటొకటిగా మాయమైపోయాయి! ఫరవాలేదు, రోజూ ప్రతి తీస్తున్నాం గదా అని తీసి చూస్తే, కొన్ని వారాలుగా ఆ ప్రతులు సరిగా పడటమే లేదు. ఎవరూ తెరిచి చూడలేదు. గేలిన్ సుస్‌మన్ అనే ఆవిడ అప్పుడు చంటిబిడ్డ తల్లి, ఇంటినుంచి పనిచేస్తూ ఉండేది. ఆమె ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉన్నదని గుర్తుకు వచ్చింది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారులో మెల్లగా తీసుకువచ్చారు. పోయిన పని చాలావరకు దొరికింది, 1999లో సినిమా విడుదలయింది.

పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి ఉన్నది: మూడు, రెండు, ఒకటి. ప్రతులు మూడు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి. ఇల్లు కాలినా, వరద వచ్చినా ఆ వేరే చోటిది మిగులుతుంది.

ఉత్తరం రాసిన అమ్మాయి నాన్నగారితో చెప్పవలసినది ఇది. ఫోను పూర్తిగా ఆగిపోకముందే, ఈ ఆదివారమే, ఫోటోలను కంప్యూటరులోకి ఎక్కించండి. బంధువుల దగ్గర కంప్యూటరు ఉన్నా చాలు. ఒక హార్డ్‌డిస్క్ కొని రెండో ప్రతి తీయండి. మూడోది ఇంటర్నెట్‌లో క్లౌడ్ అనే చోట దాచవచ్చు. కాని ఫోనులో చెరిపితే అక్కడ కూడా చెరిగిపోయే పద్ధతి ఒకటి ఉన్నది, అది చూసుకోండి. సంకేతపదం అమ్మకు కూడా చెప్పి ఉంచండి. వాట్సాప్‌లో అత్తయ్యకు పంపాం గదా అనుకోకండి, మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోయి చేరుతుంది. నాయనమ్మ ఫోటోలలో మీకు బాగా నచ్చినవి నాలుగు కాగితం మీద అచ్చు వేయించండి.

ఎందుకంటే, గంట తాత ఫోటో దొరికింది. ఆ వార్షికోత్సవంలో నాట్యం చేసిన ఒక అమ్మాయి తల్లి, అప్పట్లోనే ఒక ఫోటో అచ్చు వేయించి గోడకు తగిలించుకున్నదట. పిల్ల వెనక, కొంచెం పక్కగా, గంట దగ్గర తాత నిలబడి ఉన్నాడు. దానినే పెద్దది చేయించి కొడుకు పటం కట్టించుకున్నాడు.

ఈ నెల మీరంతా చేయవలసిన పని: ఇంట్లో ఉన్న పాత పెన్‌డ్రైవ్‌లూ, కార్డులూ, డిస్కులూ పెద్దవారి సాయంతో ఒక్కొక్కటే తెరిచి చూడండి. ఎన్ని తెరుచుకున్నాయి, ఎన్ని తెరుచుకోలేదు, ఒక్కొక్కటి ఎన్నేళ్లనాటిది అన్నది కార్డు మీద రాసి పంపండి. వచ్చే నెల ఆ లెక్కలు చూద్దాం.