జమా–ఖర్చు: అవ్వా కావాలి, బువ్వా కావాలి



కిందటి సంచికలో డిపాజిట్లకు నామినీ పేరు రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి బూట్ల గురించి. నవ్వకండి. ఇవి మామూలు బూట్లు కావు. ఒక జత ఖరీదు అయిదారు వందల యూరోలు, అంటే మన రూపాయల్లో అర లక్ష పైమాటే. పైగా ఒక ఆడపిల్ల మోకాళ్ళు వాటి మీద ఆధారపడి ఉన్నాయి. మన సంఘం సభ్యుల పిల్లలు చాలామంది ఇప్పుడు మంచు పడే దేశాల్లో ఉంటున్నారు కాబట్టి, ఈ కబురు ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా రెండో అమ్మాయి ఆస్ట్రియాలో, టిరోల్ రాష్ట్రంలోని ఇన్స్‌బ్రుక్‌లో ఉద్యోగం చేస్తోంది. 1964లోనూ 1976లోనూ శీతకాలపు ఒలింపిక్స్ జరిగిన ఊరది. బరంపురం వాళ్ళకి గోపాల్‌పూర్ సముద్రం ఎంత దగ్గరో, వాళ్ళకి మంచుకొండలు అంత దగ్గర. ఆదివారం వస్తే ఊరు ఊరంతా స్కీలు భుజాన వేసుకుని బస్సెక్కుతుంది. మా అమ్మాయీ రెండు చలికాలాలు తిరిగేసరికి నేర్చుకుంది.

ఈ స్కీయింగులో రెండు రకాలున్నాయి. మొదటిది మనం సినిమాల్లో చూసేది. లిఫ్టులో పైకి వెళ్ళి, చదును చేసిన వాలు మీద జారుకుంటూ దిగడం. రెండోది టూరింగు. లిఫ్టు లేకుండా, స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకుని, కొండని నడిచి ఎక్కి, తర్వాత పట్టీలు పీకేసి జారి దిగడం. ఆ నూగు ముందుకి జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఒకప్పుడు ఈ పట్టీలు సీల్ అనే సముద్ర జంతువు చర్మంతో చేసేవారట. ఇప్పుడు మొహేరు ఉన్నితోనో నైలానుతోనో చేస్తున్నారు.

“లిఫ్టు ఉండగా కాళ్ళీడ్చుకుంటూ ఎక్కడమేమిటే?” అంది మా శ్రీమతి.

“లిఫ్టు దిగేచోట నాతోపాటు రెండొందలమంది ఉంటారమ్మా. అక్కడ కొండ ఎక్కడ కనిపిస్తుంది?” అంది అమ్మాయి.

దానికి ఒక జత బూట్లు కావాలి. వారాంతంలో లిఫ్టు దగ్గర దిగడానికీ అవే, స్నేహితులతో టూరింగుకీ అవే. రెండు జతలు కొనే స్తోమత ఉన్నా, అద్దె గదిలో చోటు లేదు. కిందటి మార్చిలో మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడు, “నాన్నా, నీకు లెక్కలంటే ఇష్టం కదా. నా బూట్ల పరీక్షకి నువ్వే ఆడిటరువి” అని నా చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చింది.

అసలు చిక్కెక్కడుందో ముందు చెప్పాలి. దిగేటప్పుడు బూటు రాయిలా బిగుసుకుని ఉండాలి. కాలు ఎటు వంగితే స్కీ అటు తిరగాలంటే మధ్యలో వదులు పనికిరాదు. అందుకే 1960లలో అమెరికాలో బాబ్ లాంగే తోలు మాని ప్లాస్టిక్ బూటు తెచ్చినప్పటి నుంచి పందేలాడేవాళ్ళంతా అటే వెళ్ళారు. ఎక్కేటప్పుడు అంతా తలకిందులు. చీలమండ వెనక్కీ ముందుకీ ఆడాలి, బూటు తేలిగ్గా ఉండాలి, మడమ స్కీ మీద నుంచి లేవాలి. ఈ టిరోల్ వాడే అయిన ఫ్రిట్స్ బార్తెల్ 1980లలో ఒక ఉపాయం కనిపెట్టాడు. బూటు ముందు భాగాన రెండు పక్కలా చిన్న గుంటలు, వాటిల్లో బైండింగు తాలూకు రెండు మేకులు. కాలు ఆ మేకుల మీద తలుపు బందులా ఆడుతుంది. నేటి టూరింగు బూట్లన్నిటికీ దాదాపు అవే గుంటలు. ఎక్కేటప్పుడు వెనక మీట విప్పితే పై భాగం ఆడుతుంది. దిగేముందు మీట వేస్తే బిగుసుకుంటుంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నవాళ్ళ కోసం పుట్టినవే ఈ ఉమ్మడి బూట్లు.

దుకాణంలో బూట్ల మీద 110, 120, 130 అని అంకెలు ఉంటాయి. ఫ్లెక్స్ అంటారు, గట్టిదనానికి కొలత. ఈ అంకెకి అన్ని కంపెనీలకీ ఒకే ప్రమాణం లేదు. ఒకరి 120 ఇంకొకరి 110తో సమానం కావచ్చు. పూర్వం ఒక్కో ఊళ్ళో ఒక్కో కుంచం ఉండేదే, అలాగన్నమాట. కాబట్టి అంకె చూసి కొనకూడదు, కాలు పెట్టి చూడాలి.

సాయంత్రం పూట వెళ్ళాం. పొద్దంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, కొండ మీదా అంతే కాబట్టి. సైజు పాదం పొడవుని బట్టే సెంటీమీటర్లలో ఉంటుంది. అమ్మాయిది 24.5. దుకాణం అతను ముందు లోపలి మెత్తటి బూటు తీసేసి, ఖాళీ ప్లాస్టిక్ పెంకులో పాదం పెట్టించాడు. వేళ్ళు ముందు తగిలేలా నిలబడితే మడమ వెనక ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకు మించితే బూటు పెద్దదన్నట్టు. తర్వాత లోపలి బూటు పెట్టి, ఒకే పల్చటి మేజోడుతో ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడని తాకాలి, మోకాలు వంచితే వెనక్కి తగ్గాలి. మడమ లేవకూడదు. కుడికాలికి ఒక కంపెనీది, ఎడమకాలికి ఇంకో కంపెనీది తొడిగించి కూడా చూశాడు. విడివిడిగా తెలియని తేడా అప్పుడు తెలుస్తుందని.

అలా వడపోసి మూడు జతలు అద్దెకి తెచ్చుకుంది. కొంటే అద్దె ధరలో తగ్గిస్తారు. విమానం సామాను తూచుకోవడానికి నేను తీసుకెళ్ళిన కొక్కెం తూకం ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో బూటు, మొదటి జతలో 1950 గ్రాములు, రెండో దాంట్లో 1450, మూడో దాంట్లో 1100.

అర కిలో తేడా ఏపాటి అనిపిస్తుంది. లెక్క వెయ్యండి. ఆరు వందల మీటర్ల ఎత్తు ఎక్కేటప్పటికి ఒక్కో కాలు సుమారు మూడు వేల సార్లు ముందుకి జరుగుతుందనుకుందాం. అడుగుకి అర కిలో ఎక్కువైతే ఒక్కో కాలికి 1500 కిలోలు, రెండు కాళ్ళకీ మూడు టన్నులు. ఎత్తడం కాదు, జరపడమే అనుకున్నా, తొడలకి ఆ బిల్లు చేరుతుంది.

పరీక్ష పాట్షెర్‌కోఫెల్ అనే కొండ మీద. 2246 మీటర్ల ఎత్తు. 1976 ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ క్లామర్ బంగారు పతకం తెచ్చుకున్న వాలు ఇక్కడిదే. అమ్మాయి వాలు అంచున నడిచి ఎక్కడం, నేను రోప్‌వేలో పైకి పోయి కాఫీ దగ్గర పెట్టుకుని గడియారం చూడడం. మొదటి జతతో గంటా యాభై నిమిషాలు పట్టింది. రెండో దాంతో గంటా ముప్ఫై అయిదు. మూడో దాంతో గంటా ఇరవై అయిదు. మూడు వేర్వేరు రోజులు, మంచు ఏ రోజుకారోజు వేరు, ఆఖరి జత వంతుకి కాళ్ళ అలసటా తోడవుతుంది. అందుకని నాలుగోరోజు మళ్ళీ మొదటి జతతో ఎక్కించాను. గంటా నలభై ఎనిమిది. అంటే లెక్క నిలబడింది.

పైకి వచ్చాక చేతి తొడుగులు తీయకుండా పట్టీలు పీకి, మీట వేసి, బకిళ్ళు బిగించడానికి ఎంతసేపో చూశాం. మీట సందులో మంచు గడ్డకడుతోందా అని కూడా. మంచు ఇరుక్కుని మీట పూర్తిగా పడకపోతే బూటు సగం దారిలో విడిపోవచ్చు. ఇక దిగడం. మొదటి జతతో పిల్ల పాట పాడుకుంటూ దిగింది. బరువైన పాలీయురితేన్ ప్లాస్టిక్ కుదుపుల్ని మింగేస్తుంది. అయితే చలికి అది బాగా గట్టిపడుతుంది కాబట్టి వెచ్చటి దుకాణంలో మెత్తగా ఉందని మోసపోకూడదు. మూడో జత, తేలికపాటి నైలాను రకానిది, మధ్యాహ్నపు గడ్డల మంచులో తడబడింది. “నాన్నా, స్కీలు నా మాట వినడం లేదు” అంది కిందికి వచ్చి. మొహం పాలిపోయి ఉంది.

ఆ రాత్రి ఆరు అంశాలకి పదేసి మార్కులు వేశాం. బరువు, ఎక్కడం, చీలమండ కదలిక, పైన సర్దుకునే సులువు, దిగడం, పాదానికి కుదరడం, ఆ వరసలో. మొదటి జతకి 3, 4, 4, 6, 9, 8, మొత్తం 34. రెండో దానికి 7, 7, 7, 7, 7, 6, మొత్తం 41. మూడో దానికి 10, 9, 9, 8, 3, 7, మొత్తం 46. పత్రికల్లో వచ్చే పట్టికల పద్ధతిలో అయితే మూడో జతకే బహుమతి. కానీ చూడండి, ఆరింటిలో నాలుగు అంశాలు ఎక్కుడుకి సంబంధించినవే. ఒకే సుగుణాన్ని నాలుగు పేర్లతో నాలుగుసార్లు జమ కట్టినట్టు.

మన పరీక్షల్లో మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా, ఒక్క సబ్జెక్టు తప్పితే తప్పినట్టే. రెండు పనులు చేయాల్సిన వస్తువుకి అదే సరైన పద్ధతి. అంశానికి నాలుగు పాస్ మార్కు అనుకుంటే మొదటి జత బరువులో తప్పింది, మూడోది దిగడంలో తప్పింది. రెండోది దేంట్లోనూ మొదటి ర్యాంకు కాదు, దేంట్లోనూ తప్పలేదు.

నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. లిఫ్టు ఉన్నచోట పడితే చూసేవాళ్ళుంటారు. టూరింగులో తోటివాళ్ళే దిక్కు. వసంతకాలంలో ఎండెక్కేకొద్దీ మంచు మెత్తబడి, నిటారు వాలుల మీద జారిపడే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి పెందరాళే ఎక్కి పెందరాళే దిగాలి. బరువైన బూటు ఆలస్యం చేస్తుంది. తేలిక బూటు అలసిన కాళ్ళకి దిగేటప్పుడు ఎదురుతిరుగుతుంది. అంటే రెండు వైపులా ప్రాణంతోనే బేరం. “వెళ్ళొద్దు” అనడానికి నోటిదాకా వచ్చిన మాట ఉంది. పాతికేళ్ళు దాటిన పిల్ల. ట్రాన్స్‌మీటరూ పారా పొడుగు కడ్డీ కొనుక్కుని, హిమపాతాల శిక్షణ కూడా పొందింది. పొద్దున్నే లేచి ఆ రోజు ప్రమాద స్థాయి ఒకటి నుంచి అయిదులో ఎంతని చూసుకుంటుంది. ఇంత జాగ్రత్తగా అప్పు అడిగిన ఖాతాదారుకి నేనెప్పుడూ కాదనలేదు.

రెండో జతకి ఆరే మార్కులెందుకంటే లోపలి వైపు చీలమండ ఎముక దగ్గర నొక్కింది. దుకాణం అతను అక్కడ ప్లాస్టిక్‌ని వేడిచేసి బయటికి ఉబ్బించాడు, లోపలి బూటుని కాచి పాదం అచ్చుకి తెచ్చాడు. ఈ పని అయ్యాకే డబ్బు కట్టాం. బూటు ధరతో పాటు ఈ పనితనాన్ని కూడా కొంటున్నామని గుర్తుంచుకోవాలి.

చివరిగా ఒక్క మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. బూటు అడుగు అన్నిటికీ ఒకటి కాదు. దిగే బూట్ల చదును అడుగుకి ఐ.ఎస్.ఓ. 5355 అని, టూరింగు బూట్ల వంపు రబ్బరు అడుగుకి 9523 అని, నడవడానికి వీలుగా వచ్చిన గ్రిప్‌వాక్ రకానికి 23223 అని వేర్వేరు ప్రమాణాలున్నాయి. కింద పడ్డప్పుడు బైండింగు బూటుని వదిలెయ్యాలి. ఆ బైండింగు ఒప్పుకోని అడుగు దాంట్లో పెడితే వదలకపోవచ్చు. అమ్మాయి సహోద్యోగి ఒకతను ఎవరివో పాత స్కీలు అడిగి తీసుకుని, తన టూరింగు బూట్లు వాటిల్లో బిగించాడు. పడ్డాడు, స్కీ ఊడలేదు, మోకాలి లిగమెంటు తెగింది. ఊడే బిగువుని మన ఎత్తు, బరువు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవు చూసి పనితెలిసినవాడే అమర్చాలి.

మన దేశంలోనూ ఈ అవసరం రావచ్చు. గుల్మార్గ్ గండోలా రెండో అంచె 2005 నుంచి దాదాపు 3980 మీటర్ల దాకా తీసుకుపోతోంది. అక్కడి నుంచి చదును చేయని మంచులో దిగాలనే మోజుతో దేశవిదేశాల వాళ్ళు వస్తారు. కొండనెక్కి దిగే ఈ ఆటని 2026 శీతకాలపు ఒలింపిక్స్‌లోనూ చేర్చారు. మీ పిల్లలు అద్దె బూట్లు తీసుకున్నా సరే, ఖాళీ పెంకులో పాదం, ఇరవై నిమిషాల నిలకడ, అడుగు మీది ప్రమాణం, ఈ మూడూ చూసుకోమనండి. కొనేవాళ్ళయితే నిరుడు లిఫ్టు రోజులెన్ని, నడక రోజులెన్ని అని ముందు కాగితం మీద రాసుకోమనండి. ఏ ఒక్క పనికోసమో అయితే దానికే తగిన జత కొనడం మేలు. రెండు పనులూ కావాలంటే మాత్రం మొత్తం కూడొద్దు, పాస్ మార్కు చూడండి.

వచ్చే సంచికలో లాకరు అద్దె ఒప్పందాల గురించి. అంతదాకా సెలవు.