ఫ్యూజు పెట్టె ఎవరి ఆస్తి?

"కరెంటు జోలికి పోకు, ఆయన వచ్చాక చూస్తాడు" అనే మాట మన ఇళ్లలో ప్రేమగానే వినిపిస్తుంది. మరి తడి చేతులతో మిక్సీ వేసేదీ, గ్రైండరు కడిగేదీ, నీళ్ల మోటారు ఆన్ చేసేదీ ఎవరు? ప్రమాదం మన వాటాకి వచ్చింది, దాన్ని ఆపే మీట మగవాడి వాటాకి పోయింది. ఈ పంపకాన్ని రక్షణ అనడానికి నేను ఒప్పుకోను.

ఒంటరి స్త్రీల అద్దె ఇళ్ల మీద పరిశోధన చేసిన రోజుల్లో ఈ సంగతి నేను అడక్కుండానే వాళ్లు చెప్పారు. రాత్రి ఫ్యూజు పోతే పక్కింటాయననో, ఓనరు కొడుకునో పిలవాలి. పిలిస్తే తెల్లారేసరికి వీధిలో మాట పుడుతుంది. పిలవకపోతే పిల్లలతో ఉక్కలో, చీకట్లో కూర్చోవాలి. ఒక స్త్రీ ఇంట్లోకి ఏ వేళప్పుడు ఎవరు రావాలో ఒక పింగాణీ ముక్క నిర్ణయిస్తోంది!

పాత ఇళ్లలో ఈ పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉన్నాయి. లోపలి ఇత్తడి పలకలు వదులై వేడెక్కితే, లేదా చెమ్మకు చిలుము పడితే ఫ్యూజు బిగుసుకుపోతుంది. అప్పుడు మెయిన్ స్విచ్ కట్టాలి, ఇన్వర్టరు ఉంటే అదీ కట్టాలి. టెస్టరును ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ కట్టిన ఫ్యూజు దగ్గర పెట్టి చూడాలి. చేతులు పొడిగా, కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. పింగాణీని రెండు పక్కలా పట్టుకుని తిన్నగా మన వైపు లాగాలి. స్క్రూడ్రైవరు దూర్చి పెకలించకూడదు, పటకారు వేయకూడదు. రాకపోతే, కాలిన వాసన వస్తే, పింగాణీ పగిలి ఉంటే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మీటరు దగ్గరి కటౌట్‌లో మెయిన్ కట్టినా కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోవలసింది విద్యుత్ శాఖ వాళ్లే. ఇందులో మగ పుట్టుక అవసరమైన పని ఏదో నాకైతే కనిపించలేదు.

"ఉన్న చాకిరీ చాలక ఇదొకటా?" అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పని చేయడం వేరు, పని తెలిసి ఉండడం వేరు. ఫ్యూజు మాటిమాటికీ బిగుసుకుంటోందంటే బోర్డు చెడిపోయిందని అర్థం. ఫ్యూజు తీగ బదులు ఎవరో లావుపాటి రాగి తీగ చుట్టి ఉంటే ఇల్లు అంటుకునే ప్రమాదం. అది కళ్లతో చూసిన మనిషి, కొత్త బోర్డు నీ ఖర్చుతో పెట్టించమని ఓనరును నిలదీయగలదు. తెలియని మనిషిని "ఆడవాళ్లకేం తెలుసు" అని పంపేస్తారు.

2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలు పనికిరారంది. బబ్బూరి శిరీష హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కి చూపించి, 2022లో ఆ ఉద్యోగంలో చేరింది. స్తంభం దాకా స్త్రీ వెళ్లింది. మన శిక్షణ తరగతులు మాత్రం కుట్టుమిషను దగ్గర, అప్పడాల దగ్గర ఆగిపోయాయి.

వచ్చే తరగతిలో కరెంటు లేని ఒక పాత బోర్డును బల్ల మీద పెట్టండి, పక్కన ఒక టెస్టరు. నేర్పడానికి ఐ.టి.ఐ. చదివిన అమ్మాయిని పిలవండి, ఆమెకు ఆ పూట కూలి ఇవ్వండి.