రెండవ గట్టు

మన పాఠశాలకు ప్రతిదినమును సైకిళ్ల మీద వచ్చు బాలబాలికలు పెక్కుమంది కలరు. ఉదయము ఎనిమిది గంటలు దాటిన పిమ్మట కాలువవంతెన దగ్గఱ నిలిచి చూచువారికి వారి వరుస కన్నులపండువుగా నుండును. అయితే పిల్లలు క్షేమముగా దాటిరో లేదో యని చూచుటకు వచ్చిన తల్లులు కొందఱు ఆ వంతెన దగ్గఱనే నిలిచియుందురు. వారి ముఖములలో పండువు కనబడదు. ఈ వ్యాసమును ఆ తల్లుల పక్షమున వ్రాయుచున్నాను.

గడచిన వర్షకాలమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు గట్టురోడ్డు మీద వచ్చుచుండగా, వెనుకనుండి వచ్చిన మట్టిలారీ గట్టిగా హారను మ్రోగించెను. బాలుడు బెదరి ప్రక్కకు ఒదిగెను. ఒదుగుటకు చోటెక్కడ? తారు అంచున మట్టి కొట్టుకొనిపోయి జానెడు పల్లమైయున్నది. బాలుడును సైకిలును కాలువలో పడిరి. రేవులో బట్టలు ఉతుకుచున్నవా రాతనిని లాగి ఒడ్డున వేసిరి. ముంజేయి విఱిగెను గాని ప్రాణము దక్కెను. మఱుసటి వారము ఏడవ తరగతి చదువుచున్న ఆతని చెల్లెలు బడికి రాలేదు. చేయి విఱిగినది అన్నకు. చదువు ఆగినది చెల్లెలికి. నెలదినములు వారి యింటికి తిరిగి నచ్చజెప్పిన పిమ్మట ఆమె మరల వచ్చుచున్నది. కాని తండ్రి పూటకూలి మానుకొని వెంట వచ్చుచున్నాడు.

మా కాలువకు రెండు గట్లు కలవు. ఒకదాని మీద తారురోడ్డు వేసిరి. రెండవది తుమ్మమొక్కలతోను ముండ్లపొదలతోను నిండి ఎవరికిని అక్కఱ లేక పడియున్నది. నేను చిన్నతనమున సైకిలు నేర్చుకొన్నది ఆ రెండవ గట్టు మీదనే. దానిని బాగుచేసి, కంకర పఱచి, మోటారుబండ్లను రానీయక, నడచువారికిని సైకిళ్లవారికిని విడువవలెనని నా అభిప్రాయము.

ఇది పగటికల యని నవ్వువారికి ఒక దృష్టాంతము చూపెదను. అమెరికా దేశమున పొటోమాక్ నదీలోయలో చెసపీక్–ఒహాయో కాలువ యని యొకటి కలదు. 1828వ సంవత్సరము జూలై 4వ తేదీన దానిని త్రవ్వ మొదలుపెట్టి, 1850లో కంబర్లాండు పట్టణము వఱకు తెచ్చిరి. వాషింగ్టనునుండి అచ్చటికి 184½ మైళ్లు. నడుమ 74 లాకులు. కంచరగాడిదలు గట్టు మీద నడచుచు త్రాళ్లతో పడవలను లాగెడివి. రైలు వచ్చి కాలువ వ్యాపారమును చాలవఱకు హరించెను. 1924లో వచ్చిన వరదలతో పడవలు ఆగిపోయెను. 1938లో ఆ దేశపు ప్రభుత్వము కాలువను కొనెను. తరువాత కొంతకాలమునకు దాని వెంబడి మోటారురోడ్డు వేయవలెనని ఆలోచన పుట్టెను.

1954లో వాషింగ్టను నగరపు పత్రిక యొకటి ఆ ఆలోచనను బలపఱచెను. అంతట సుప్రీముకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ గారు ఆ పత్రికకు ఉత్తరము వ్రాసి, సంపాదకులు తనతో ఆ కాలువ పొడవున నడచి చూడవలెనని కోరిరి. వారును ఒప్పుకొనిరి. ఆ సంవత్సరము మార్చి నెలలో కంబర్లాండునుండి బయలుదేరి ఎనిమిది దినములు నడచిరి. బయలుదేరినవారిలో కొలదిమంది మాత్రమే కడవఱకు రాగలిగిరి. కాని పత్రిక తన అభిప్రాయమును మార్చుకొనెను. రోడ్డు ఆగెను. 1971లో ఆ కాలువ జాతీయ ఉద్యానవనమాయెను. నేడు ఆ కంచరగాడిదల బాట మీద ప్రజల మోటారుబండ్లకు ప్రవేశము లేదు. నడచువారును సైకిళ్లవారును నిర్భయముగా పోవుచున్నారు.

కంబర్లాండు దగ్గఱ ఆ బాటను మఱియొక బాట అందుకొనును. అది విడిచిపెట్టిన రైలుమార్గముల మీద, సున్నపుఱాతి పొడిని పఱచి చేసినది. యాకగేనీ నదీలోయ వెంబడి పిట్స్‌బర్గు నగరము వఱకు 150 మైళ్లు పోవును. దానిలో మొదటి తునక 1986లో తెఱచిరి; కడపటి తునక 2013లో పూర్తియాయెను. ఇరువదియేడు సంవత్సరముల పని! మనము ఒక మైలుతో ఆరంభించిన తప్పేమి?

మన దేశమునకును అట్టి కాలువలు క్రొత్తవి కావు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటే గాక పడవలను నడిపినవి. అచ్చట కంచరగాడిదలు చేసిన పనిని ఇచ్చట మనుష్యులే భుజమున త్రాడు వేసికొని చేసిరి. ఆ గట్లు మొదటినుండియు కాలినడక వారివి.

బాట వేయుటలో నేర్పు కావలెను. ఏటి గులకఱాళ్లు గుండ్రనివి గనుక చక్రము క్రింద దొర్లిపోవును. పగులగొట్టిన కంకరకు కోణములుండును. ఱాతిపొడి కలిపి తడిపి రోలరుతో త్రొక్కించినయెడల ఒకదానినొకటి పట్టుకొని గట్టిపడును. నడుమ కొంచెము ఉబ్బెత్తుగా నుంచినగాని నీరు ఇరుప్రక్కలకు జాఱదు. మన నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వాఱును. ఊరక దాని మీద కంకర పోసినచో మొదటి వానలకే మ్రింగివేయును. కావున ముందు గట్టును ఎత్తుచేసి, మెట్టనుండి తెచ్చిన గ్రావెలును పొరగా వేయవలెను.

ఆక్షేపణలు లేకపోలేదు. కోతల కాలమున ట్రాక్టరు ఎట్లు పోవునందురు. పోవచ్చును, నీటిపారుదల వారి బండియు పోవచ్చును, నడకవేగమున పోవలెను. గట్టు మీద గుడిసెలు వేసికొన్న బీదలగతి యేమందురు. వారిని లేవగొట్టి బాట వేయుమని నేను చెప్పుట లేదు. వారి పిల్లలును మన బడికే వచ్చుచున్నారు. బాటయే వారి వాకిండ్లను చుట్టి పోవలెను. మొదట రెండు ఱాళ్లు పాతినయెడల కారును లారీయు ఆగును, మోటారుసైకిలు ఆగదు. దానిని ఊరి మాటయే ఆపవలెను. ఈ కష్టమును నేను దాచను.

బీహారు ప్రభుత్వము 2006వ సంవత్సరమున తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్లిచ్చుట మొదలుపెట్టెను. తరువాత మన రాష్ట్రమునందును బాలికలకు సైకిళ్లు పంచిరి. అది మంచి పని. కాని సైకిలునిచ్చి త్రోవ నియ్యకున్న, ఈవి సగమే యగును.

విద్యార్థులారా, మీకును ఒక మాట. పొటోమాక్ బాట మీద సైకిలువాడు నడచువానికి త్రోవ యిచ్చి, గంట మ్రోగించి దాటవలెనని నియమము. లారీ మనలను బెదరించుట అన్యాయమైనప్పుడు, మనము గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని పోవు అవ్వను బెదరించుట న్యాయమగునా? ముగ్గురు నలుగురు ప్రక్కప్రక్కగా తొక్కుచు పోవు అలవాటును నేటినుండియే మానుడు.

తలిదండ్రులారా, మా యుపాధ్యాయులలో కొందఱము ఈ వేసవి సెలవులకు ముందు ఒక శనివారము ఉదయమున వంతెననుండి లాకుల వఱకు ఆ రెండవ గట్టు మీద నడువ నిశ్చయించుకొంటిమి. పంచాయతీ పెద్దలను, నీటిపారుదల అధికారులను, ఊరి రైతులను మాతో రమ్మని పిలిచెదము. కాగితము మీద చూచిన గట్టు వేఱు, కాళ్లతో చూచిన గట్టు వేఱు. కత్తులు పట్టుకొని రండు, ముండ్లు చాల కలవు. వెంట వచ్చుచున్న ఆ తండ్రి తన కూలికి తాను పోయి, ఆ బాలిక తన సైకిలు మీద తాను ఒంటరిగా బడికి వచ్చిననాడు మన పని కొంత నెఱవేఱినదని తలంతము.